మాత్ర ఆపితే వచ్చే ఆ నొప్పి నడుముది కాదమ్మా

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నా వయసు 41. పదమూడేళ్ళుగా ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తున్నాను. రెండేళ్ళ క్రితం శ్రావణమాసం ఆర్డర్ల ఒత్తిడిలో నడుము పట్టేసి మంచం దిగలేకపోయాను. ఎమ్మారై తీయించి, ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు ఉబ్బిందని చెప్పి, పది రోజులకి నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్, దాంతోపాటు కండరాలు వదులు కావడానికి కారిసోప్రోడాల్ 350 రాశారు. తగ్గింది. తర్వాత పని ఎక్కువై నొప్పి వచ్చినప్పుడల్లా అదే చీటీ మీద మందుల షాపులో తెచ్చుకున్నాను. మొదట్లో వదులు మాత్రలు రోజుకి రెండు. ఇప్పుడు ఏడు, ఒక్కో రోజు ఎనిమిది. డైక్లోఫెనాక్ కూడా రోజూ రెండు పడుతున్నాయి. వేసుకున్న అరగంటకి నొప్పి ఒక్కటే కాదు, చిట్టీ డబ్బుల టెన్షన్ కూడా కాస్త దూరం జరిగినట్టుంటుంది. నాలుగైదు గంటలకి మళ్ళీ మొదలు. పోయిన కార్తీకమాసం మొదటి సోమవారం దేవుడి ముందు ఒట్టు పెట్టుకుని మానేశాను. రెండో రోజుకి చేతులు వణికి సూది పట్టుకోలేకపోయాను. నిద్ర లేదు, చెమటలు, వాంతులు, గుండె దడ, నడుము విరిగిపోతున్నంత నొప్పి. మూడో రాత్రి గోడ మీద ఏవో పాకుతున్నట్టు కనిపించి కేకపెట్టాను. తట్టుకోలేక మళ్ళీ వేసుకున్నాను. దేవుడి దగ్గర మాట తప్పాను. మా ఆయనకి ఇవేవీ తెలియవు. స్ట్రిప్పులు పూసల డబ్బాలో అడుగున దాస్తాను. ఇంటర్ చదివే మా అమ్మాయినే షాపుకి పంపిస్తాను. నేనూ తాగుబోతులా తయారయ్యానా? దీన్నుంచి ఎలా బయటపడాలి? మా ఆయనకి చెప్పాలా?
- ఒక సోదరి

సమాధానం: అమ్మా, మిగతావన్నీ తర్వాత. ఇది చదివి ధైర్యం తెచ్చుకుని ఈ రాత్రే మాత్రలన్నీ కాలువలో పడేయకండి. మీరు ఒకసారి అలాగే ఆపారు, ఏం జరిగిందో మీరే రాశారు. రోజుకి ఏడెనిమిది మాత్రలకి అలవాటుపడిన శరీరం మీద ఒక్కసారిగా మందు ఆపేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చేతిలో పడేదాకా ఇప్పుడు వేసుకుంటున్న లెక్క పెంచొద్దు, ఒక్కసారిగా ఆపొద్దు. ఈ వారంలోనే వెళ్ళండి. ఎక్కడికి వెళ్ళాలో కింద రాస్తున్నాను.

మూడో రాత్రి గోడ మీద కనిపించినవాటి గురించి మీరు ఎవరికీ చెప్పుకుని ఉండరు. మతి పోతోందేమోనని భయపడి ఉంటారు. అది పిచ్చి కాదమ్మా. మందు హఠాత్తుగా ఆగిపోయినప్పుడు మెదడు చేసే గొడవ అది. దీన్ని మేం విత్‌డ్రాయల్ అంటాం. వణుకు, చెమటలు, వాంతులు, నిద్ర లేకపోవడం అందులో మొదటి మెట్లు. లేనివి కనిపించడం, వినిపించడం దాకా వచ్చిందంటే అది బాగా ముదిరిందని అర్థం. ఆ రాత్రి మీరు మళ్ళీ మాత్ర వేసుకోవడాన్ని ఒట్టు తప్పడంగా లెక్క వేసుకుని ఇన్ని నెలలు కుమిలిపోతున్నారు. అప్పుడు మీ పక్కన డాక్టరు ఉండి ఉంటే, ఆయనా మందే ఇచ్చేవారు, కాకపోతే ఒక పద్ధతిలో. శరీరం తట్టుకోలేని పనిని ఒట్టు మీద చేయించాలని చూశారు. ఆ తప్పు మీ భక్తిది కాదు, మీ మనసుదీ కాదు.

అసలు ఈ మాత్ర ఏమిటో మీకెవరూ చెప్పినట్టు లేదు. 'కండరాలు వదులయ్యే మాత్ర' అంటే నడుము దగ్గరికి వెళ్ళి అక్కడ బిగుసుకున్న కండరాన్ని సడలిస్తుందని మనం అనుకుంటాం. కారిసోప్రోడాల్ చేసేది అది కాదు. అది పనిచేసేది మెదడు మీద, వెన్నుపాము మీద. నరాల వ్యవస్థని కాస్త మగతలో పెడుతుంది కాబట్టి నొప్పి అంతగా తెలియదు, బిగుతు తగ్గినట్టు ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ మందు లోపలికి వెళ్ళాక కాలేయం దాన్ని మెప్రోబమేట్ అనే ఇంకో మందుగా మారుస్తుంది. అది 1955లో అమెరికాలో ఆందోళన తగ్గించే మాత్రగా మార్కెట్లోకి వచ్చి విపరీతంగా అమ్ముడుపోయిన మందు. జనం దానికి అలవాటుపడి బయటికి రాలేకపోతున్నారని తేలాక క్రమంగా పక్కన పెట్టేశారు. అంటే రెండేళ్ళుగా మీరు నడుము మందు అనుకుని వేసుకుంటున్నది, మీకు తెలియకుండానే, మనసుకి మత్తునిచ్చే మందు కూడా. మాత్ర వేసుకున్న అరగంటకి చిట్టీ డబ్బుల టెన్షన్ దూరం జరిగినట్టుంటుందన్నారే, అది ఇదే. ఆ ఒక్క వాక్యం చదివాక నాకు మిగతా ఉత్తరం చదవక్కర్లేకుండానే విషయం అర్థమైంది.

ఈ మాత్ర ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు. అందుకే నాలుగైదు గంటలకే మీకు మళ్ళీ నొప్పి మొదలవుతోంది. కొన్నాళ్ళు ఇలా సాగేసరికి మెదడు మందుకి అలవాటుపడి, అదే ఫలితం రావడానికి ఇంకా ఎక్కువ అడుగుతుంది. రెండు నాలుగవుతాయి, నాలుగు ఏడవుతాయి. అక్కడి నుంచి ఒక మాయ మొదలవుతుంది. మందు దిగేటప్పుడు ఒళ్ళంతా బిగుసుకుని, కండరాలు పీకుతాయి. ఆ పీకుడు ఎక్కడ ఎక్కువ తెలుస్తుంది? ఇదివరకే నొప్పి ఉన్న చోట, అంటే నడుములో. మీరు 'చూశావా, మాత్ర లేకపోతే నా నడుము ఇలా ఉంటుంది' అనుకుంటారు. నిజానికి ఇప్పుడు మీరు పడుతున్న నొప్పిలో పెద్ద వాటా మందు దిగుతున్నప్పుడు వచ్చేది. మాత్రే నొప్పిని పుట్టిస్తోంది, మళ్ళీ మాత్రే దాన్ని తగ్గిస్తోంది.

ఈ మందు గరిష్ఠంగా ఎంతో తెలుసా? 350 మిల్లీగ్రాముల మాత్ర పగలు మూడుసార్లు, పడుకునేటప్పుడు ఒకటి. రోజుకి నాలుగు మించకూడదు. అదీ రెండు మూడు వారాలే, అంతకు మించి వాడితే మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు. మీకు రాసిన డాక్టరు పది రోజులకే రాశారు. తప్పు జరిగింది పదకొండో రోజు నుంచి. యూరప్‌లో మందుల నియంత్రణ సంస్థ 2007 నవంబరులోనే ఈ మందు అమ్మకాలు ఆపేయమని సిఫారసు చేసింది. అమెరికాలో 2012 జనవరి నుంచి దీన్ని డయజిపామ్ లాంటి మగతనిచ్చే మందుల సరసన, ప్రభుత్వ నిఘా ఉండే జాబితాలో పెట్టారు. మన దేశంలోనే తయారై పశ్చిమ ఆఫ్రికాకి వెళ్తున్న మాత్రల మీద 2025 ఫిబ్రవరిలో బీబీసీ కథనం వచ్చింది గుర్తుందా? అక్కడి కుర్రాళ్ళు మత్తు కోసం మింగుతున్న ఆ మాత్రల్లో ఉన్నవి టపెంటడాల్ అనే మత్తు కలిగించే నొప్పి మందు, కారిసోప్రోడాల్. ఆ తర్వాతే కేంద్రం ఆ రెండూ కలిపిన మాత్రల తయారీ, ఎగుమతి అనుమతులు రద్దు చేయించింది. మీ పూసల డబ్బాలో ఉన్నది ఆ రెండిట్లో ఒకటి. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. 'నడుము నొప్పి మాత్రే కదా' అనే మాట ఇంట్లో ఇక ఎవరూ అనకూడదని చెప్తున్నాను.

తాగుబోతులా తయారయ్యానా అని అడిగారు. నేను ఈ మాట వాడను. మన తెలంగాణ వాళ్ళకి ఒక ఉదాహరణ వెంటనే అర్థమవుతుంది. కల్లులో ఆల్ప్రజోలం, డయజిపామ్ లాంటివి కలిపి అమ్మే చోట దాడులు జరిగి దుకాణాలు మూతపడితే, రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఫిట్స్‌తో జనం ఆసుపత్రులకి, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి వచ్చేవారు. పొద్దంతా పొలంలో పనిచేసి సాయంత్రం ఒక సీసా తాగిన వాళ్ళు వాళ్ళు. తాము తాగుతున్నది కల్లనే అనుకున్నారు. మీరు మింగుతున్నది నడుము మందనే అనుకున్నారు. మెదడుకి ఈ తేడాలు పట్టవు. అలవాటుపడింది, ఆగిపోయేసరికి ఎదురు తిరిగింది. ఈ స్థితికి వైద్యం ఉంది, మీరు బయటపడగలరు.

ఇక ఎక్కడికి వెళ్ళాలి. మీరు వెళ్ళాల్సింది సైకియాట్రీ ఓపీకి. 'పిచ్చి డాక్టరు దగ్గరికా' అని వెనక్కి తగ్గకండి. మందుల అలవాటుని తగ్గించడం వాళ్ళకి రోజూ చేసే పని. మీకు అందుబాటులో కాకినాడ, విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులు ఉన్నాయి. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మత్తు అలవాట్ల కోసం ప్రత్యేకంగా 14446 కూడా ఉంది. పోలీసు కేసు అవుతుందేమో అనే భయం చాలామందికి ఉంటుంది. వైద్యం కోసం వెళ్ళినందుకు కేసు కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం వాళ్ళ బాధ్యత.

అక్కడ ఏం చేస్తారో కొంచెం చెప్తే భయం తగ్గుతుంది. కొందరికి మాత్రల లెక్కనే మెల్లమెల్లగా తగ్గిస్తారు. కొందరికి ఇదే రకంగా పనిచేస్తూ ఎక్కువసేపు నిలిచే ఇంకో మందుకి మార్చి, దాన్ని రోజుల లెక్కన తగ్గించుకుంటూ వస్తారు. అప్పుడు నాలుగు గంటలకోసారి ఎక్కి దిగే ఆ గొడవ ఉండదు, శరీరం నిలకడగా ఉంటుంది. మీకు పోయినసారి లేనివి కనిపించాయి కాబట్టి, ఈసారి మొదటి కొద్ది రోజులు ఆసుపత్రిలోనే ఉండమనే అవకాశం ఎక్కువ. ఉండమంటే ఉండండి. ఆర్డర్లు ఆగుతాయి, నిజమే. నడుము పట్టేసినప్పుడూ ఆగాయి కదా. ఎంత తగ్గించాలి, ఎన్ని రోజుల్లో అనేది మిమ్మల్ని చూసి నిర్ణయించాల్సిన లెక్క. అందుకే నేను ఇక్కడ అంకెలు రాయడం లేదు, ఫోన్లో చూసి మీరూ ప్రయత్నించకండి.

అప్పటిదాకా నిద్రమాత్రలు, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు సిరప్పులు, మగతనిచ్చే జలుబు మాత్రలు ఏవీ దీంతో కలపొద్దు. కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. స్కూటీ నడపొద్దు. ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపించినా, ఎక్కడున్నారో తెలియనట్టు మాట్లాడినా, పిలిస్తే పలకనంత మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయాలి. మందు పేరు చెప్పాలి. ఇది మీకు కాదు, మీ పక్కన ఉండేవాళ్ళకి తెలియాలి. మీ ఆయనకి చెప్పాలా అన్న ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో జరిగింది చెప్తాను. కాలు విరిగి ఆపరేషన్ అయిన ఒకాయనకి మూడో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. తలకి దెబ్బేమీ లేదు, షుగర్ బాగానే ఉంది. మేం స్కాన్లు, రక్తపరీక్షలు అంటూ కిందా మీదా పడుతున్నాం. ఆయన భార్య మంచం కింద సంచిలోంచి రబ్బరు బ్యాండు చుట్టిన ఖాళీ స్ట్రిప్పుల కట్ట తీసి, "ఇవి రోజూ వేసుకుంటారండీ, ఇక్కడికొచ్చాక ఎవరూ ఇవ్వలేదు" అంది. మెల్లగా, తప్పు చేసినట్టు చెప్పింది. మేం ఆమెని అడగలేదు. 'బీపీ ఉందా, షుగర్ ఉందా' అని అడిగాం, 'మందుల షాపులో మీరే కొనుక్కుని వేసుకునేవి ఏమైనా ఉన్నాయా' అని అడగలేదు. ఆ కట్ట చూశాక గానీ వైద్యం దారిలో పడలేదు. ఆ రోజు నుంచి నేను ప్రతి రోగినీ ఆ ప్రశ్న అడుగుతున్నాను. మీరు ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా, పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా, అడగకపోయినా మీరే చెప్పండి.

మీ ఆయనకి చెప్పండమ్మా. ఇలాంటి వైద్యం ఒంటరిగా గడవదు. రాత్రి పక్కన ఒక మనిషి కావాలి, మాత్రలు వాళ్ళ చేతిలో ఉండి లెక్క ప్రకారం ఇవ్వాలి. చెప్పడం కష్టమనిపిస్తే ఈ పేజీ ఆయన చేతిలో పెట్టండి. "డాక్టరు పది రోజులకి రాసిన మందు నేను రెండేళ్ళు వాడాను, ఇప్పుడు నా అంతట నేను మానలేకపోతున్నాను, ఆసుపత్రికి తోడు రండి" అంటే చాలు. కోప్పడొచ్చు. ముఖ్యంగా దాచినందుకు కోప్పడొచ్చు. ఆ కోపం ఒక రోజు ఉంటుంది, ఆయన తోడు మీకు ఇంకా చాలా రోజులు కావాలి. ఆయన ఇది చదువుతుంటే ఒక్క మాట: అయ్యా, స్ట్రిప్పులు లాక్కుని పారేయకండి. అది మంచి చేయడం అనుకుంటారు, ప్రాణం మీదికి వస్తుంది.

మీ అమ్మాయి విషయంలో మాత్రం నేను గట్టిగానే చెప్తున్నాను. రేపటి నుంచి ఆ అమ్మాయిని షాపుకి పంపొద్దు. మీరు పెంపకంలో తప్పు చేశారని కాదు. మెట్లు దిగలేని రోజున ఎవరో ఒకరు వెళ్ళాలి, ఆ పిల్ల వెళ్ళింది. కానీ తను రోజూ ఏం చూస్తోంది? చీటీ లేకుండా చేయి చాపితే కౌంటర్ మీద స్ట్రిప్పు పడుతుంది, అమ్మ మింగితే బాధ తగ్గుతుంది. పరీక్షలు దగ్గర పడి తనకి నిద్ర పట్టని రోజున ఆ దారి కాళ్ళకి తెలిసే ఉంటుంది. ఇంటర్ పిల్ల, లెక్కపెట్టుకోకుండా ఉండదు. ఏడు మాత్రలు ఏమవుతున్నాయో తనకి తెలిసే ఉంటుంది, మిమ్మల్ని అడగలేక ఊరుకుంటోంది. "ఇంక నువ్వు తేనక్కర్లేదు, నేను డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను" అని చెప్పి చూడండి, తన ముఖం చూస్తే మీకే తెలుస్తుంది.

ఆ మందుల షాపు గురించి. స్ట్రిప్పు మీద 'ఆర్ఎక్స్' గుర్తు, షెడ్యూల్ హెచ్ హెచ్చరిక ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. రెండేళ్ళ కిందటి చీటీ చీటీ కాదు. పదహారు, పదిహేడేళ్ళ పిల్ల చేతికి ఇలాంటి మందు ఇవ్వడం నాకు చాలా బాధగా ఉంది. ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషే అయ్యుంటాడు, 'పాపం నొప్పితో ఉంది' అనే ఇచ్చి ఉంటాడు. అయినా అది సాయం కాదు. ఇకమీదట ఇవ్వొద్దని మీ ఆయన చేతే చెప్పించండి, అయితే వైద్యం మొదలయ్యాకే.

ఇప్పుడు నడుము. నడుము నొప్పి అసలేమీ లేని నలభై ఏళ్ళ వాళ్ళకి స్కాన్ తీసినా దాదాపు సగం మందిలో డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. ఆ రిపోర్టు చూసి నడుము పాడైపోయిందని అనుకోకండి. మీ నడుముని నలిపేస్తున్నది పని తీరు. కింద బాసింపట్టు వేసుకుని, మగ్గం మీదకి మెడ వంచి, కుందన్లు, పూసలు ఒక్కొక్కటే కుడుతూ ఒక బ్లౌజు చేతులు పూర్తయ్యేదాకా లేవరు మీరు. చట్రాన్ని మోచేతుల ఎత్తుకి వచ్చేలా స్టాండు ఎత్తించండి, వెనక ఆనుకునే కుర్చీలో కూర్చోండి. పాదాలు నేలకి ఆనాలి. లైటు దగ్గరగా ఉంటే సగం వంగడం తగ్గుతుంది. అరగంటకోసారి అలారం పెట్టుకుని లేచి వీధి గుమ్మం దాకా నడిచి రండి. ఫిజియోథెరపిస్టు ఒకసారి చూపించిన వ్యాయామాలు ఇంట్లోనే చేసుకోవచ్చు. మొదటి రెండు మూడు వారాలు మందు తగ్గుతుంటే నొప్పి పెరిగినట్టే ఉంటుంది, ముందే చెప్తున్నాను, అప్పుడు బెదిరిపోకండి. కాళ్ళ మధ్య తిమ్మిరి, మూత్రం పట్టు తప్పడం, పాదం ఈడ్చుకుపోవడం ఉంటే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

డైక్లోఫెనాక్ గురించి మీరు ఒక్క ముక్కే రాశారు. రెండేళ్ళు రోజూ రెండంటే కిడ్నీలకి, కడుపుకి, బీపీకి మంచిది కాదు. దాన్ని ఆపితే మాత్రం విత్‌డ్రాయల్ రాదు. ఓపీలో క్రియాటినిన్, హిమోగ్లోబిన్ పరీక్షలు అడిగి చేయించుకోండి. మలం నల్లగా తారులా వెళ్తుంటే ఆలస్యం చేయొద్దు.

ఇది చదివే మిగతావాళ్ళలో కొందరు 'మాది ఈ మందు కాదులే' అనుకుంటారు. కండరాలు వదులు కావడానికి రాసే మందులు ఇంకా ఉన్నాయి. వాటిలో టిజానిడిన్ ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడి హఠాత్తుగా ఆపితే బీపీ, గుండె వేగం పైకి ఎగబాకుతాయి. మూత్రంలో మంటకి వాడే సిప్రోఫ్లాక్సాసిన్‌తో దాన్ని అసలు కలపకూడదు. బాక్లోఫెన్ ఒక్కసారిగా ఆపినా ఫిట్స్, లేనివి కనిపించడం రావచ్చు. మన దగ్గర బాగా రాసే థయోకోల్చికోసైడ్ మాత్రలు ఏడు రోజులు మించి వాడొద్దని యూరప్ సంస్థ 2013లోనే చెప్పింది. మీ స్ట్రిప్పు వెనక పేరు చదివి, ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారో ఒక్కసారి లెక్క వేసుకోండి.

అమ్మా, ఓపీకి వెళ్ళేటప్పుడు పాత చీటీ, ఎమ్మారై రిపోర్టు పెట్టుకోండి. ఒక కాగితం మీద నిన్న ఎన్ని గంటలకి ఎన్ని మాత్రలు వేసుకున్నారో ఉన్నదున్నట్టు రాయండి. ఎనిమిదిని నాలుగని రాయొద్దు, ఆ నాలుగుని బట్టి మొదలుపెడితే మళ్ళీ ఆ మూడో రాత్రే వస్తుంది. ఆ పూసల డబ్బా కూడా, అడుగున ఉన్నవాటితో సహా, అలాగే పట్టుకెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టండి.